మాట్లాడకుండా చేసిన ప్రసంగం

శ్రోతలకు నమస్కారం. ఇవాళ ఒక్క సంఖ్య గురించే మాట్లాడతాను. దానిలో 21 అంకెలున్నాయి. చదువుతాను, గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. 147573952589676412927.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది? 67 రెండ్లను వరసగా గుణించుకుంటూ పోండి, చివర్లో ఒకటి తీసేయండి. అంతే. ఇది ప్రధాన సంఖ్య, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ నిశ్శేషంగా భాగం పోదు అని 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి రాశాడు. కాదని 1876లో లూకా అనే ఫ్రెంచి గణితవేత్త తేల్చాడు. కానీ దేనితో భాగం పోతుందో ఆయనా చెప్పలేదు. ఇంట్లో దొంగ ఉన్నాడని తెలిసింది, ఎక్కడ దాక్కున్నాడో తెలియలేదు!

ఇక నాకిష్టమైన కథ. 1903 అక్టోబరు. న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశం. ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ప్రొఫెసర్ ప్రసంగించాలి. ఆయన లేచి, నేరుగా నల్లబల్ల దగ్గరికి వెళ్లాడు. సుద్దముక్క తీసుకుని 67 రెండ్లను గుణించే లెక్క వేసి, ఒకటి తీసేశాడు. మన 21 అంకెలూ వచ్చాయి. ఒక్క మాట లేదు. బల్లమీద ఖాళీ చోటుకి జరిగి రెండు సంఖ్యలు రాశాడు. ఒకటి 193707721. రెండోది 761838257287. వాటిని, మనం బడిలో చేసినట్టే, వరస తర్వాత వరస గుణించాడు. ఒక్క మాట లేదు. జవాబు వచ్చింది. అవే 21 అంకెలు! సుద్దముక్క పెట్టేసి వెళ్లి కూర్చున్నాడు. హాలంతా చప్పట్లు.

ఈ కారణాంకాలు కనిపెట్టడానికి ఎంతకాలం పట్టిందని తర్వాత అడిగితే, మూడేళ్ల ఆదివారాలు అన్నాడట. నేను గనక ఇక్కడ ఆయనలా నోరు మూసుకుని కూర్చుంటే, మీరు రేడియో పాడైందనుకుంటారు.

సరే, ఆ గుణకారం నిజమో కాదో మీరు వంటింట్లోనే కొంతవరకు చూడొచ్చు. మొదటి సంఖ్యలో అంకెలన్నీ కూడండి: 37. మూడూ ఏడూ కూడితే పది, పదిని కూడితే ఒకటి. రెండో సంఖ్య: 64. మళ్లీ పది, మళ్లీ ఒకటి. ఒకటి ఒకట్ల ఒకటి. మరి జవాబు? ఆ 21 అంకెలూ కూడితే 109. మళ్లీ పది, మళ్లీ ఒకటి! సరిపోయింది. ఒక సంఖ్యని తొమ్మిదితో భాగిస్తే ఎంత మిగులుతుందో, దాని అంకెల మొత్తాన్ని భాగించినా అంతే మిగులుతుంది. కిటుకంతా అక్కడే ఉంది.

ఇంటి ఖర్చుల లెక్కకీ ఇది పనికొస్తుంది, కూడికైనా గుణకారమైనా. ఒక్క జాగ్రత్త. ఇది సరిపోకపోతే లెక్క కచ్చితంగా తప్పే. సరిపోతే మాత్రం లెక్క ఒప్పని భరోసా లేదు. ముఖ్యంగా జవాబులో అంకెలు తారుమారైతే ఇది పట్టుకోదు. ఒకసారి పాల లెక్క 1,450 రూపాయలని రాయబోయి 1,540 అని రాశాను. అంకెలు కూడి చూశాను. పది, ఒకటి. సరిపోయిందని ధీమాగా డబ్బిచ్చేశాను. మర్నాడు పొద్దున పాలాయనే తొంభై రూపాయలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.