మా బల్లిగారి గాజు మేడ: క్రెస్టెడ్ గెకో పెట్టె, ఎనిమిది నెలల తర్వాత రివ్యూ

నమస్కారం అండీ. ఇప్పుడు టైము రాత్రి ఎనిమిదిన్నర. లైట్లు తగ్గించాను కాబట్టి వీడియో కాస్త మసకగా ఉంటుంది, ఏమనుకోకండి. మన హీరో పగలంతా నిద్రపోయి ఇప్పుడే లేస్తాడు. పేరు బెల్లం. ఒంటి రంగు చూసి మా అమ్మాయి పెట్టిన పేరు. జాతి క్రెస్టెడ్ గెకో, అంటే బల్లే. మనం చిన్నప్పటి నుంచి ట్యూబులైటు పక్కన చూసిన బల్లికి దూరపు చుట్టం.

మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. అమ్మాయి కుక్క కావాలంది. మా ఆవిడకి కుక్క బొచ్చు పడదు. బేరాలాడి బేరాలాడి చివరికి బల్లి దగ్గర తేలాం. తెనాలిలో ఉన్న మా అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "ఇక్కడ చీపురుతో తరిమేదాన్ని అక్కడ డబ్బులిచ్చి కొన్నావట్రా?" అంది. ఒకసారి మాట్లాడుతుండగానే వీడు పెట్టెలోంచి నా భుజం మీదకి దూకాడు. అంతే, కుడి భుజమా ఎడమ భుజమా చెప్పమని పంచాంగం తీసింది. కంచిలో బంగారు బల్లిని తాకి వచ్చింది కాబట్టి తనకి దోషం లేదట, నా సంగతే చూసుకోమంది.

సరే, పెట్టె దగ్గరికి వద్దాం. ఇది పద్దెనిమిది అంగుళాల పొడవు, అంతే వెడల్పు, ఇరవై నాలుగు అంగుళాల ఎత్తు. బ్రాండ్ పేరు చెప్పను. ఈ కొలతలతో చాలా కంపెనీలవి దొరుకుతాయి, మంచీ చెడూ దాదాపు ఒకటే. ఇక్కడ ఎత్తే ముఖ్యం. వీళ్ళది ఆస్ట్రేలియాకి తూర్పున ఉన్న న్యూ కాలెడోనియా. అక్కడి అడవుల్లో చెట్ల మీద బతికే జాతి. 1866లోనే దీని గురించి రాశారు. తర్వాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిపోయిందనుకున్నారు. 1994లో మళ్ళీ దొరికింది. ఇప్పుడు బెడ్‌రూముల్లో పెంచేవన్నీ ఆ తర్వాత పట్టుకొచ్చిన వాటి సంతానమే.

పెట్టెలో నాకు బాగా నచ్చింది ఈ ముందు తలుపులు. దీని వెనక ఒక కథ ఉంది, చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. మొదట్లో డబ్బు మిగుల్చుకుందామని పాత చేపల తొట్టి తెచ్చాను. మూత పైనుంచి తీసేది. మూడో రోజు తిండి గిన్నె తీద్దామని పైనుంచి చెయ్యి పెట్టాను. పైనుంచి వచ్చేది ఏదైనా వీళ్ళకి గద్దే. ఒక్క గెంతు గెంతాడు, అంతే. అడుగున తోక ఒక్కటే పడి గిలగిలా కొట్టుకుంటోంది, వాడు మాత్రం మూలన నక్కాడు. మా అమ్మాయి ఏడుపు ఆపడం నా వల్ల కాలేదు. "మళ్ళీ వస్తుందిలే" అన్నాను. మన ఇంటి బల్లికి వస్తుంది కదా! వీళ్ళకి రాదండీ. క్రెస్టెడ్ గెకో తోక పోతే పోయినట్టే. ప్రాణానికేమీ ఇబ్బంది లేదు, అడవిలో కూడా పెద్దవి చాలావరకు తోక లేకుండానే తిరుగుతాయట. ఇదిగో, చూడండి, వెనక చిన్న మొటిమలాగా మిగిలింది. అదీ నా పొదుపు ఫలితం. ముందు తలుపున్న పెట్టె అయితే వాడి ఎదురుగా, వాడు చూస్తుండగా, కింది నుంచి నెమ్మదిగా చెయ్యి పెట్టొచ్చు.

ఇక నచ్చనివి. మొదటిది ఈ పై మూత. మొత్తం ఇనప జాలీ. గాలికి మంచిదే కానీ, ఏసీ ఇంట్లో తేమ నిలవదు. ఇందులో తేమ నీళ్ళు చల్లగానే ఎనభై శాతం దాకా ఎక్కాలి, మళ్ళీ చల్లే టైముకి యాభైకి దిగాలి. మధ్యలో ఆరడం కూడా అవసరమే, ఎప్పుడూ తడిగా ఉంటే బూజు పడుతుంది. మా ఇంట్లో మాత్రం చల్లిన రెండు గంటలకే నలభైకి పడిపోయేది. తేమ చాలక కుబుసం సరిగ్గా ఊడలేదు, కాలివేళ్ళకి తెల్లగా చుట్టుకుపోయింది. అలా వదిలేస్తే బిగుసుకుని వేలే పోతుంది. గోరువెచ్చని తడి టిష్యూ మీద కాసేపు ఉంచి, ఇయర్‌బడ్‌తో మెల్లగా తీశాం. ఆ రోజే హార్డ్‌వేర్ షాపులో ప్లాస్టిక్ షీటు కోయించి జాలీ మీద సగం వరకు కప్పాను. సగమే, పూర్తిగా కాదు.

రెండోది, పెట్టెతో పాటు వచ్చిన రాతి గోడలాంటి ఈ థర్మోకోల్ అట్ట. ఫోటోలో అందంగా ఉంటుంది. మనం వేసిన కీచురాళ్ళు మాత్రం దాని వెనకే కాపురం పెడతాయి. పీకి పారేశాను. వెనక వైర్ల కోసం వదిలిన కంతలు కూడా చూసుకోండి, పిల్ల గెకో అయితే దూరిపోతుంది.

పెట్టెకి నూట యాభై డాలర్ల దాకా పెట్టాను. కానీ అసలు పని లోపల ఉంది. కొన్నవాళ్ళు చాలామంది గాజు మెరుస్తోందని లోపల ఒక కొమ్మ, ఒక గిన్నె పెట్టి వదిలేస్తారు. అది వాడికి నడిరోడ్డు మీద నిలబెట్టినట్టు. అవతలి గోడ కనిపించనంత దట్టంగా నింపండి. ఈ బెరడు గొట్టం కార్క్ చెట్టుది, పగలు ఇందులోనే పడుకుంటాడు. కొమ్మలు అడ్డంగా, ఏటవాలుగా కట్టాను. అడ్డంగా కొమ్మల్లేకపోతే గాజుకి తలకిందులుగా అతుక్కుని నిద్రపోతారు, తోక వీపు మీదకి వేలాడి నడుము వంకర తిరుగుతుందంటారు పెంచేవాళ్ళు. మావాడికి ఆ బెంగ లేదనుకోండి!

ఈ తీగ గుర్తుపట్టారా? మనీ ప్లాంట్. మన ఊళ్ళో పక్కింట్లో అడిగి తెంపుకునేది, ఇక్కడ పెట్ షాపులో కుండీలో పెట్టి డబ్బులు గుంజుతున్నారు. నేను ఫ్రెండ్ ఇంటి నుంచి తెచ్చుకుని కడిగి నాటాను. అడుగున మట్టి గుళికలు, వాటి మీద జాలీ, ఆ పైన కొబ్బరి పొట్టు. కొబ్బరి పొట్టుని ఇటుకలా అదిమి అమ్ముతారు, నీళ్ళు పోస్తే బకెట్టు నిండా పొంగుతుంది. కోనసీమలో కుప్పలు కుప్పలుగా పడుండే సరుకు, బిల్లు కడుతుంటే నవ్వొచ్చింది. కొత్తగా తెచ్చిన గెకోకి మాత్రం మొదటి నెల ఇవేవీ వద్దు. అడుగున పేపర్ టవల్ వేయండి. తింటోందా, ఏం విసర్జిస్తోందో అప్పుడే తెలుస్తుంది.

వేడి దీపం కొనమని షాపువాళ్ళు అంటారు. మా ఇంట్లో అవసరం రాలేదు. ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు డిగ్రీల సెల్సియస్ వీళ్ళకి హాయి. ఇరవై ఎనిమిది దాటితే ప్రమాదం. కాబట్టి నాకు చలికాలం కాదు, ఆగస్టులో కరెంటు పోతేనే టెన్షన్. కామెంట్లలో హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి అడుగుతున్నారు. మే నెలలో రాత్రీపగలూ ఏసీ నడపగలరా? లేకపోతే వద్దండీ. ఇంకో మాట, పెట్టెని వంటింటి పోపు పొగకి, దేవుడి గది అగరొత్తులకి దూరంగా పెట్టండి. కిటికీ ఎండ అసలు తగలకూడదు, గాజు పెట్టె పొయ్యిలా కాగుతుంది.

తిండికి ఈ పొడి చాలు, పళ్ళూ పురుగులూ కలిపి చేసింది. ఒక వంతు పొడికి రెండు వంతుల నీళ్ళు, దోసెల పిండి కంటే కొంచెం జారుగా. రాత్రి పెట్టి మర్నాడు తీసేయాలి. వారానికోసారి కాల్షియం అద్దిన కీచురాయి. ఆ పనికి నేను రానని మా ఆవిడ మొదటి రోజే చెప్పేసింది.

ఉండండి, లేచాడు. కెమెరా దగ్గరికి తెస్తాను, మాట్లాడకండి. ఆ కళ్ళ పైన కనురెప్ప వెంట్రుకల్లాంటి ముళ్ళు చూశారా? అసలు రెప్పలు లేవు వాడికి, అందుకే నాలుకతో కన్ను తుడుచుకుంటాడు. అదిగో, తుడిచాడు! ఇప్పుడు నీళ్ళు చల్లుతున్నాను, మామూలు కుళాయి నీళ్ళయితే గాజు మీద తెల్ల మచ్చలు పడతాయి కాబట్టి ఇది ఫిల్టర్ నీళ్ళు. మనీ ప్లాంట్ ఆకు చివర చుక్క వేలాడుతోంది కదా, దాని వైపే వస్తున్నాడు. గిన్నెలో నీళ్ళు పెడితే తిరిగి చూడడు, ఆకు మీది చుక్క కావాలి దొరగారికి.

తాగేశాడు. అమ్మా, చూస్తున్నావా? ఈసారి భుజం మీద పడలేదు.