క్రోమోజోముల పట్టికను షీట్‌లో చేద్దాం: సగం ఫార్ములా ఎక్కడ కుదరదు?

నమస్తే అండి. స్క్రీన్ కనిపిస్తోంది కదా? ఖాళీ షీట్ తెరిచాను. మొదటి కాలమ్‌లో జీవి పేరు, రెండో దాంట్లో శరీర కణంలోని క్రోమోజోములు, మూడో దాంట్లో సంయోగబీజంలోని, అంటే శుక్రకణం, గుడ్డు లాంటి బీజకణంలోని క్రోమోజోములు. బైపీసీ వాళ్లకి తెలిసిన పట్టికే, గబగబా నింపేస్తాను.

మనిషి 46. ఈగ 12. ఎలుక 42. పిల్లి 38, కుక్క 78. డ్రోసోఫిలా, అంటే పండ్ల ఈగ, 8. వరి 24, మొక్కజొన్న 20. ఓఫియోగ్లాసం... 1260. అవును, చిన్న ఫెర్న్ మొక్కకే! సంఖ్య ఎక్కువుంటే జీవి పెద్దదని అనుకోకండి. మనిషికి కూడా 48 అనే చాలా ఏళ్లు నమ్మారు. టియో, లెవాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 46 అని 1956లో ప్రచురించారు.

చివర్లో ఇంకో రెండు వరసలు పెడుతున్నా. మగ తేనెటీగ 16, అరటి 33. వీటి కోసమే ఈ వీడియో.

ఇప్పుడు సి2లో ఈక్వల్ టూ, బి2, స్లాష్, 2. ఎంటర్. 23 వచ్చింది. సి2 నుంచి చివరి వరస దాకా సెలెక్ట్ చేసి కంట్రోల్ డి కొట్టండి. మౌస్‌తో కిందికి లాగొచ్చు కానీ నాకు కంట్రోల్ డి ఇష్టం, వరసలు ఎన్నున్నా ఒక్క నొక్కుతో అయిపోతుంది. సంయోగబీజాలు తయారయ్యే క్షయకరణ విభజనలో సంఖ్య సగం అవుతుంది, ఫలదీకరణలో మళ్లీ రెట్టింపు అవుతుంది. ఇది తేలికే.

ఇక కింద చూడండి. మగ తేనెటీగకి 8 అని చూపిస్తోంది. ఇది తప్పు. ఇక్కడ ఆగుదాం, పరీక్షలో చాలామంది ఇక్కడే తడబడతారు. రాణి ఈగకి 32, దాని గుడ్డులో 16. ఆ గుడ్డు ఫలదీకరణ చెందితే 32తో ఆడ ఈగ. ఏది రాణి అవుతుంది, ఏది కూలి ఈగ అవుతుందన్నది పెట్టే తిండిని బట్టి ఉంటుంది. ఫలదీకరణ చెందకపోతే? అదే గుడ్డు 16తోనే మగ ఈగ అవుతుంది. అనిషేకజననం అంటే ఇదే. మళ్లీ చెప్తున్నా, మగ ఈగకి తండ్రి లేడు, తల్లి వైపు తాత మాత్రం ఉన్నాడు. దాని దగ్గర ఉన్నదే ఒక్క సెట్టు, ఇంకా సగం చేయడానికి ఏముంది? అందుకే శుక్రకణంలోనూ 16 ఉంటాయి. ఫార్ములా తీసేసి 16 అని టైప్ చేస్తున్నా.

అరటి వరస చూడండి, 16.5! అర క్రోమోజోము ఉండదు కదా. అమృతపాణి, కర్పూర చక్రకేళి లాంటివన్నీ త్రయస్థితికాలు, 11 చొప్పున మూడు సెట్లు. క్షయకరణ విభజనలో రెండు సెట్లు జత కడితే మూడోదానికి జోడీ ఉండదు. పంపకం సరిగ్గా కుదరదు, విత్తనం కట్టదు. పండు మధ్యలో కనిపించే నల్ల చుక్కలు విత్తనాలుగా ఎదగని అండాలే. అందుకే రైతు పిలకలు నాటుతాడు. పిలకలోనూ తల్లి చెట్టులోలాగే 33. ఈ గడిలో 'శాఖీయోత్పత్తి' అని రాస్తున్నా, అంటే విత్తనం లేకుండా మొక్క భాగంతోనే కొత్త మొక్క రావడం.

సేవ్ చేసే ముందు మీకొక పని. వరి గింజలో మనం తినే భాగం అంకురచ్ఛదం. అది అండంలో ఉండే రెండు ధ్రువ కేంద్రకాలు, ఒక పురుష సంయోగబీజం కలిస్తే తయారవుతుంది; మూడింటిలోనూ ఒక్కో సెట్టే ఉంటుంది. నాలుగో కాలమ్ పెట్టి, అందులో ఎన్ని క్రోమోజోములుంటాయో వచ్చేలా మీరే ఫార్ములా రాయండి. 36 రావాలి.