ఇంజన్ లైటు వెలిగితే

శ్రోతలందరికీ నమస్కారం.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి బయల్దేరిన కార్లు ఏలూరు దాటాక కొన్ని భీమవరం వైపు తిరుగుతాయి, కొన్ని తణుకు మీదుగా సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం దగ్గర కోనసీమలోకి దిగుతాయి. బండిలో ఇంటిల్లిపాదీ, డిక్కీ నిండా సామాను. ఊరు ఇంకో గంట ఉందనగా మీటర్ల మధ్య చిన్న ఇంజన్ బొమ్మ పసుపు రంగులో వెలుగుతుంది. అంతే, కార్లో టెన్షన్ మొదలు. వెనక సీట్లోంచి ఒకరు "ఆపెయ్, ఇంజన్ పోతుంది" అంటారు. పక్క సీట్లోంచి ఇంకొకరు "ఏం కాదు, సెన్సారు ప్రాబ్లం, పోనీ" అంటారు. ఆ సమయంలో స్టీరింగ్ పట్టుకున్న మనిషికి ఈ రెండు మాటలూ పనికిరావు. ఆ బొమ్మ దేనికి వెలుగుతుందో, వెలిగినప్పుడు ఏం చేయాలో ఇవాళ చెప్పుకుందాం.

కారు కంప్యూటరు ఇంజన్‌లోకి ఎంత గాలి పోతోంది, ఎంత పెట్రోలు పడుతోంది, నీళ్ల వేడి ఎంత, సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ ఎంత మిగిలింది అని క్షణక్షణం సెన్సార్ల ద్వారా చూసుకుంటూ ఉంటుంది. లెక్క తప్పితే ఒక నంబరు రాసి పెట్టుకుని లైటు వేస్తుంది. చాలా లోపాలకు మొదటిసారే వేయదు. వరుసగా రెండు మూడు ప్రయాణాల్లో అదే తేడా కనిపిస్తేనే వేస్తుంది. ఈ ఏర్పాటు ముఖ్యంగా వచ్చింది పొగ కాలుష్యాన్ని అదుపులో పెట్టడానికి. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే పొగ కాలుష్య ప్రమాణం వచ్చింది, ఆ తర్వాత కొత్తగా కొన్న ప్రతి పెట్రోలు, డీజిల్ కారులోనూ ఇది ఉంటుంది. అంతకు ముందు బీఎస్-4 కార్లలోనూ చాలావాటికి ఉంది.

ఈ పుట్టుక తెలిస్తే ఒక చిక్కు విడిపోతుంది. "బండి బ్రహ్మాండంగా నడుస్తోందండి, మరి లైటెందుకు?" అని అడుగుతుంటారు. నడకలో తేడా లేకపోయినా పొగలో తేడా ఉండొచ్చు. అలాగే ఇంజన్‌కు వచ్చే పెద్ద ప్రమాదాలన్నీ ఈ పసుపు లైటులోనే కనిపించవు. ఆయిల్ ప్రెషర్ పడిపోయినా, ఇంజన్ మరీ వేడెక్కినా వేరే లైట్లు వెలుగుతాయి. అవి ఎర్రగా ఉంటాయి.

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరదల రోజుల్లో రేడియోలో వింటూనే ఉంటారు. ఏ హెచ్చరికకు ఏం చేయాలో లంకల్లో ఉండేవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మొదటిదానికి ఎవరూ ఇల్లు ఖాళీ చేయరు. అలాగని గొడ్లను లంకలో వదిలేసి ధీమాగా పడుకోరు కూడా. కార్లో లైటునూ ఆ తెలివితోనే చూడాలి. నిలకడగా వెలిగే పసుపు మొదటి హెచ్చరిక. ఆరుతూ వెలుగుతూ కొట్టుకునే పసుపు రెండోది. ఎరుపు మూడోది.

నిలకడగా వెలుగుతుంటే కంగారు పడి నడిరోడ్డు మీద బ్రేకు వేయకండి. ముందు టెంపరేచర్ ముల్లు చూడండి, వేరే ఎర్ర లైటు ఏదన్నా వెలిగిందేమో చూడండి. పికప్ తగ్గిందా, కొత్త శబ్దం వస్తోందా, పెట్రోలు వాసన కొడుతోందా అని గమనించండి. ఏమీ లేకపోతే నిదానంగా ఊరు చేరొచ్చు. పండగ రోజున మెకానిక్కును నిద్ర లేపాల్సిన పని లేదు. కానీ నాలుగైదు రోజుల్లో చూపించండి. నెలల తరబడి అలాగే తిప్పితే మైలేజీ పడిపోవచ్చు, చిన్న లోపం పెద్ద ఖర్చు కావచ్చు. ఇంకో నష్టం కూడా ఉంది. ఆ లైటు వెలుగుతూ ఉండగా రెండో లోపం వస్తే మీకు తెలియకపోవచ్చు. రెండిటికీ ఒకటే లైటు.

కొట్టుకునే లైటు గురించి కాస్త నెమ్మదిగా చెబుతాను. పెట్రోలు బండిలో ఇది వచ్చిందంటే దాదాపు ఎప్పుడూ మిస్సింగే. అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదు. బండి వణుకుతుంది, యాక్సిలరేటర్ తొక్కినా లాగదు. స్పార్క్ ప్లగ్గు గానీ ఇగ్నిషన్ కాయిల్ గానీ ఇంజెక్టర్ గానీ కారణం కావచ్చు. మండని పెట్రోలు ఎక్కడికి పోతుంది? సైలెన్సర్ దారిలో ముందుగా కెటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా ఉంటుంది. దాని లోపల సన్నసన్న రంధ్రాల పింగాణీ దిమ్మ, ఆ రంధ్రాల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత. మండని పెట్రోలు అక్కడికి వెళ్లి మండుతుంది. ఆ వేడికి పింగాణీ కరిగి రంధ్రాలు మూసుకుపోతాయి. ప్లగ్గు మార్చుకుంటే పోయేదానికి కన్వర్టర్ మార్చాల్సి వస్తుంది. అందుకే లైటు కొట్టుకుంటుంటే వెంటనే కాలు తేలిక చేసి, వేగం తగ్గించి, ఆపగలిగిన చోట ఆపేయండి. సిద్ధాంతం వంతెన మీదో జొన్నాడ వంతెన మీదో ఉంటే మాత్రం అక్కడ ఆపకండి. వెనక లారీలు వస్తుంటాయి. నెమ్మదిగా వంతెన దాటి పక్కకు తీయండి. కాలువ గట్టు రోడ్డు మీదైతే రాత్రిపూట మరీ అంచుకు దించవద్దు, వానకు నానిన గట్టు చక్రం బరువుకు జారిపోతుంది. కాసేపు ఆగి స్టార్ట్ చేశాక కొట్టుకోవడం మానేసి మామూలుగా నడిస్తే దగ్గర్లోని షెడ్డు దాకా మెల్లగా వెళ్లొచ్చు. మళ్లీ కొట్టుకుంటే టోయింగ్ బండిని పిలవడమే చవక.

ఎర్ర లైటుకు ఆలోచన అక్కర్లేదు. భద్రమైన చోట ఆపి ఇంజన్ కట్టేయడమే. వేడెక్కిన ఇంజన్ మీద రేడియేటర్ మూత మాత్రం తీయకండి, నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి.

ఇక షెడ్డులో జరిగే పని. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర, 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. మెకానిక్ దానికి స్కానర్ పెడితే కోడు వస్తుంది. పి అనే అక్షరం, తర్వాత నాలుగు స్థానాల నంబరు. పి0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్. పి0171 అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. పి0420 అంటే కన్వర్టర్ తన పని సరిగా చేయడం లేదని కంప్యూటరుకు అనిపించింది. ఈ కోడు లోపం ఏ వైపు ఉందో చూపిస్తుంది, ఏ సామాను మార్చాలో చెప్పదు. పి0171 వచ్చిందనుకోండి, గాలి గొట్టం పగిలి ఉండొచ్చు, గాలిని కొలిచే సెన్సారుకు దుమ్ము పట్టి ఉండొచ్చు, పెట్రోలు పంపు నీరసించి ఉండొచ్చు. బయట గ్యాస్ కిట్టు వేయించిన కార్లలో దాని ట్యూనింగ్ కుదరక కూడా రావచ్చు. ఇవేవీ చూడకుండా "సెన్సారు పోయింది, మార్చేద్దాం" అన్నారంటే అది మరమ్మతు కాదు, ఊహ. ఆ ఊహకు డబ్బు కట్టేది మీరు.

ఒక పండగ ముందు మా షెడ్డుకు ఒక కారు వచ్చింది. లైటు వెలిగిందని ఆయన అప్పటికే వేరేచోట చూపించారు. "ఆక్సిజన్ సెన్సారు కొత్తది వేశారండి, మర్నాటికి మళ్లీ వెలిగిందండి" అన్నారు. స్కానర్ పెడితే పి0135, అంటే ఆ సెన్సారును వేడి చేసే కరెంటు లైనులో తేడా. బానెట్ ఎత్తాం. ఇంజన్ మీద ఓ మూల కొబ్బరి పీచు, నాలుగు ధాన్యపు గింజల పొట్టు, ఎలుక పెంటికలు. సెన్సారు వైరు వెంట వేలు పెట్టి తడుముకుంటూ పోతే, క్లిప్పుకు జానెడు దూరంలో నల్ల తొడుగు ఊడిపోయి, పైపొర మీద సన్నటి పళ్ల గాట్లు, లోపల రాగి తీగ రెండు పోగులు మాత్రమే మిగిలి ఉన్నాయి. వైరు అతికి సోల్డర్ చేసి, తొడుగు వేశాం. లైటు మళ్లీ రాలేదు. తీసేసిన పాత సెన్సారు కూడా బాగానే ఉంది.

మన డెల్టాలో ఇది మామూలు సంగతి. సార్వా కోతలు అయ్యాక పొలాల్లో తిండి తగ్గుతుంది, ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి. కొబ్బరి డొక్కల గుట్ట పక్కన, గడ్డిమేటు పక్కన రాత్రంతా ఆగిన కారు బానెట్ కింద వెచ్చగా ఉంటుంది. కారును అలాంటి చోట్ల పెట్టకండి. రెండు రోజులు కదపకపోతే తీసేముందు ఒకసారి బానెట్ ఎత్తి చూడండి.

ఉప్పుగాలి సంగతీ అంతే. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు, ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే కార్లలో వైర్ల క్లిప్పులు ఊడదీసి చూస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. సెన్సారు బతికే ఉంటుంది, దాని మాట కంప్యూటరుకు చేరదు. ఆ చిలుము శుభ్రం చేస్తే చాలాసార్లు లైటు పోతుంది. వానాకాలంలో నీళ్లలోంచి వెళ్లాక లైటు వస్తే కాయిల్ దగ్గరో క్లిప్పులోనో తడి చేరి ఉండొచ్చు. నీళ్ల మధ్య ఇంజన్ ఆగిపోతే మాత్రం మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే ఇంజన్ లోపల కనెక్టింగ్ రాడ్ అనే కడ్డీ వంగిపోవచ్చు.

డీజిల్ కారు ఉన్నవాళ్లకు ఒక మాట. బీఎస్-6 డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే సైలెన్సర్ బాగా వేడెక్కాలి, దానికి కొంతసేపు ఆగకుండా నడపాలి. పాలకొల్లు నుంచి నరసాపురం, నరసాపురం నుంచి పాలకొల్లు, మధ్యలో పది చోట్ల ఆగుతూ తిరిగే కారుకు ఆ అవకాశం ఉండదు. ఫిల్టర్ లైటు వెలిగినప్పుడే మాన్యువల్‌లో చెప్పినట్టు హైవే ఎక్కి ఓ ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడిపితే తరచూ సరిపోతుంది. పట్టించుకోకపోతే ఇంజన్ లైటు కూడా దానికి తోడవుతుంది, బండి లాగడం మానేస్తుంది, అప్పుడు సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి.

పెట్రోలు ట్యాంకు మూత సరిగా బిగించకపోయినా లైటు వస్తుందని అమెరికా వీడియోల్లో చెబుతుంటారు. అక్కడి కార్లు పెట్రోలు ఆవిరి లీకును కూడా పరీక్షించుకుంటాయి కాబట్టి వాళ్ల మాట నిజమే. మన దగ్గర అమ్మే ప్రతి కారుకూ ఆ పరీక్ష ఉంటుందని చెప్పలేం. మూత బిగించి చూసుకోవడంలో తప్పు లేదు, అక్కడితో ఆగిపోవద్దు.

ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఇంట్లో కుర్రాళ్లు తేలిగ్గా వాడేస్తారు. కోడు చూసుకోవడానికి అవి చాలు. పని అయ్యాక ఊడదీసి పెట్టుకోండి, లేకపోతే బ్యాటరీ దిగిపోవచ్చు. ఆ యాప్‌లో చెరిపేసే మీట కూడా ఉంటుంది, దాని జోలికి మాత్రం పోవద్దు. లైటు వచ్చిన క్షణంలో వేగం ఎంత, ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, వేడి ఎంత అనే వివరాలు కోడుతో పాటు కంప్యూటరు దాచి ఉంచుతుంది. మెకానిక్కుకు అవే ఆధారం. చెరిపేస్తే అవీ పోతాయి. "బ్యాటరీ టెర్మినల్ తీసి పెట్టండి, అదే పోతుంది" అనే సలహాతోనూ ఇదే నష్టం. నిజంగా లోపం పోతే, వరుసగా మూడు ప్రయాణాల్లో తేడా కనపడకపోతే, లైటు దానంతట అదే ఆరుతుంది.

కాబట్టి షెడ్డుకు వెళ్లినప్పుడు మర్యాదగానే అడగండి: "నంబరు ఎంత వచ్చిందండీ? చెరిపేముందు నాకు రాసివ్వండి." ఆ కాగితం బండి పుస్తకంలో పెట్టుకోండి. సామాను మార్చమంటే, అదే పోయిందని ఎలా తెలిసిందో అడగండి. వైరు చూశారా, క్లిప్పు చూశారా, గొట్టం చూశారా? పని తెలిసిన మెకానిక్కు ఈ ప్రశ్నకు నొచ్చుకోడు, బానెట్ ఎత్తి చూపిస్తాడు.

పాత కారు కొనేవాళ్లు ఈ లైటును ఇంకో రకంగా చూడాలి. తాళం ఆన్ చేయగానే, ఇంజన్ స్టార్ట్ చేయకముందు, ఈ పసుపు బొమ్మ వెలగాలి. స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగనే లేదంటే బల్బు పోయి ఉండాలి, లేదా లోపం కనపడకుండా ఎవరో పీకేసి ఉండాలి. వెలిగి ఆరినా, కోడ్లు నిన్ననే చెరిపేసి ఉంటే కారు తన పరీక్షలు ఇంకా పూర్తి చేయలేదని స్కానర్‌లో కనిపిస్తుంది. అలాంటప్పుడు బయానా ఇవ్వకండి. రెండు మూడు రోజులు నడిపించి చూపించమని, మళ్లీ స్కానర్ పెట్టించాకే బేరం మాట్లాడదామని చెప్పండి.

సెలవు, నమస్కారం.