గ్లైడర్ కూలితే వెతకడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

[స్క్రీన్ మీద: పర్వతాల మ్యాప్. నీలి గీత ఒకటి శిఖరాల వెంట సాగుతూ హఠాత్తుగా ఆగిపోతుంది.]

ఈ గీత ఒక గ్లైడర్, అంటే ఇంజిన్ లేకుండా గాలిలో తేలుతూ ఎగిరే విమానం, వెళ్లిన దారి. గీత ఆగిన చోటే గ్లైడర్ పడిపోయి ఉంటుందని అనిపిస్తుంది కదా? చాలాసార్లు అది అక్కడ ఉండదు.

సాయంత్రానికి గ్లైడర్ తిరిగి రాకపోతే, క్లబ్‌లో ముందుగా వచ్చే మాట "ఎక్కడో పొలంలో దిగి ఉంటాడులే" అని. గ్లైడర్లు పొలాల్లో దిగడం మామూలే మరి. ఆ మాటలోనే పొద్దు గూకుతుంది. పైగా గ్లైడర్లు ఎక్కువగా తెల్లగా ఉంటాయి, ఎండకు వాటి బాడీలోని రెజిన్ అనే జిగురు వేడెక్కి మెత్తబడకుండా. మంచులో పడితే పక్కనుంచి వెళ్లే హెలికాప్టర్‌కు కూడా కనబడకపోవచ్చు.

[దృశ్యం: కాక్‌పిట్‌లో అరచేతిలో పట్టేంత పెట్టె, వెలుగుతున్న చిన్న లైట్.]

దీని పేరు ఫ్లార్మ్. 2004లో స్విట్జర్లాండ్‌లో వచ్చింది. గ్లైడర్లు గాల్లో ఒకదాన్నొకటి ఢీకొనకుండా తయారు చేశారు. జీపీఎస్‌తో తానెక్కడున్నదీ తెలుసుకుని, దాదాపు సెకనుకోసారి రేడియోలో చుట్టూ ఉన్నవాటికి చెబుతుంది. ఆ మాటలను నేల మీద నుంచి కూడా వినొచ్చు. ఓపెన్ గ్లైడర్ నెట్‌వర్క్ వాలంటీర్లు చేసేది అదే: కప్పు మీద ఒక యాంటెన్నా, కింద రాస్ప్‌బెర్రీ పై అనే ఒక చిన్న కంప్యూటర్, దానికో చిన్న యూఎస్‌బీ రిసీవర్. ఇంత తక్కువ సామానుతో ఒక ప్రాణానికి దారి దొరకడం నాకు ఇప్పటికీ అద్భుతమే.

అయితే ఈ సిగ్నల్ కొండను దాటి రాదు. గ్లైడర్ లోయలోకి దిగగానే మాట ఆగిపోతుంది, మ్యాప్ మీద గీత కూడా.

[స్క్రీన్ మీద: గీత చివర ఒక వలయం పెద్దదవుతూ ఉంటుంది.]

ఇక్కడ ఎత్తు చాలా ముఖ్యం. మంచి గ్లైడర్ గాలి లేనప్పుడు ఒక మీటరు దిగేలోపు 40 మీటర్లు ముందుకు పోతుంది. నేలకు 1000 మీటర్ల ఎత్తులో సిగ్నల్ పోయిందనుకోండి, అది 40 కిలోమీటర్ల దూరంలో ఎటైనా ఉండొచ్చు. అంటే సుమారు 5,000 చదరపు కిలోమీటర్లు వెతకాలి. అదే 100 మీటర్ల దగ్గర పోతే? 4 కిలోమీటర్లే, సుమారు 50 చదరపు కిలోమీటర్లు. పని వంద వంతుల్లో ఒక వంతుకు తగ్గింది! చివరి సెకన్లలో అది నిటారుగా దిగుతున్నట్టు కనిపిస్తే వలయం ఇంకా చిన్నదవుతుంది.

మరి ఆ చివరి వందల మీటర్ల సమాచారం ఎక్కడ దొరుకుతుంది? అదే రోజు అదే కొండల్లో ఎగిరిన మిగతా గ్లైడర్లలో. పక్కవాళ్ల నుంచి విన్న సిగ్నళ్లు వాటి ఫ్లార్మ్ రికార్డులో ఉండొచ్చు. పైలట్‌కు ఆ సంగతే తెలిసి ఉండదు. అందుకే ఎవరైనా కనబడలేదని తెలిస్తే, మీరు ఇంటికి వచ్చేసినా సరే, మీ ఫైల్ ఆ రాత్రే దించి సహాయక బృందానికి ఇవ్వండి. "నాకేమీ కనిపించలేదే" అని ఆగిపోకండి.

ఇంకో మాట. తాము ఎక్కడున్నదీ నేల మీది నెట్‌వర్క్‌లో ఎవరికీ కనబడకూడదని కొందరు ఫ్లార్మ్‌లో నో ట్రాక్ అనే సెట్టింగ్ పెట్టుకుంటారు. పోటీల్లో దానికి కారణాలుంటాయి, ఒప్పుకుంటాను. కానీ ఒంటరిగా కొండల మీదికి వెళ్లే రోజున మాత్రం దయచేసి అది తీసేయండి. ఆపదలో ఉపగ్రహాలకు సిగ్నల్ పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్‌ను కూడా సీటు వెనక కాకుండా ఒంటి మీదే ఉంచుకోండి. పారాషూట్‌తో దూకాల్సి వస్తే గ్లైడర్ ఒకచోట, మీరు ఒకచోట.

[స్క్రీన్ మీద: మొదటి మ్యాప్. ఆగిన నీలి గీతకు మరో గ్లైడర్ రికార్డులోంచి ఎర్ర చుక్కలు కలుస్తాయి. అవి శిఖరం వెనక్కి తిరిగి, లోయ అంచున ఆగుతాయి. వలయం ఆ లోయంత అవుతుంది.]