కుర్చీలో కూర్చున్న ఆటగాడు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పోటీ నిర్వాహకులకు, తెల్లవారుజాము నుంచి నాలుగు టేబుళ్లకూ బ్రష్ వేసి, బంతులు తుడిచి సిద్ధం చేసిన మార్కర్లకు, ఆటగాళ్లకు, వారి తల్లిదండ్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవలసినవారు ఇంకా ఉన్నారు. మధ్యాహ్నం రెండు గంటలకు మొదటి మ్యాచ్ మొదలవ్వాలి కనుక మన్నించమని కోరుతున్నాను.

పూల్‌లో ఒక రకమైన నైన్ బాల్ ఆట నియమాల గురించి పదిహేను నిమిషాలు మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఈ ఆటలో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలున్న బంతులు వజ్రం ఆకారంలో పేరుస్తారు. ఒకటో బంతి ముందు కొసన, తొమ్మిదో బంతి నడుమ ఉంటాయి. టేబుల్ మీద ఉన్న బంతుల్లో అన్నిటికన్నా చిన్న అంకె బంతికే తెల్ల బంతి మొదట తగలాలి. తగిలిన తర్వాత ఏదో ఒక బంతి పాకెట్‌లో పడాలి, లేదా కనీసం ఒక బంతి కుషన్‌ను, అంటే టేబుల్ అంచు మెత్తను, తాకాలి. ఈ రెండింటిలో ఏదీ జరగకపోతే అది ఫౌల్. ఫౌల్ అయితే ఎదుటివాడు తెల్ల బంతిని చేత్తో తీసుకుని టేబుల్ మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు. మన పార్లర్లలో ఫౌల్‌కు ఒక్కోచోట ఒక్కో ఆచారం నడుస్తుంది. వాటికి అలవాటుపడి పోటీకి వచ్చిన పిల్లలు మొదటి ఫౌల్‌కే బిత్తరపోవడం నేను చాలాసార్లు చూశాను.

వరసగా మూడు ఫౌళ్లు చేస్తే ఆ ఆట, అంటే మనం రాక్ అని పిలిచేది, పోయినట్టే. అయితే రెండో ఫౌల్ తర్వాత ఆ ఆటగాడికి ఆ మాట చెప్పి హెచ్చరించాలి. హెచ్చరించకపోతే మూడో ఫౌల్‌కు రాక్ పోదు. దయచేసి ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ప్రతి టేబుల్‌కూ ఒక రిఫరీని పెట్టే స్తోమత మన జిల్లా పోటీలకు లేదు కదా, మరి ఆ హెచ్చరిక ఎవరు చెయ్యాలి? కుర్చీలో కూర్చున్న ఆటగాడే చెయ్యాలి. రిఫరీ లేనిచోట ఆ బాధ్యత ఎదుటి ఆటగాడిదేనని నియమాలు చెబుతున్నాయి. రెండు బంతులు దాదాపు అంటుకుని ఉండి, ఏది ముందు తగులుతుందో కంటికి అందని షాట్ వస్తోందనుకుంటే, షాట్ కొట్టకముందే లేచి, ఒక తటస్థ వ్యక్తిని పిలిచి చూడమనాలి. కొట్టిన తర్వాత పోట్లాడి లాభం లేదు, ఎందుకంటే ఏది ముందు తగిలిందో తేలనప్పుడు తీర్పు కొట్టినవాడి వైపే పోతుంది. బ్రేక్, అంటే పేర్చిన బంతులను చెదరగొట్టే మొదటి షాట్, అయ్యాక తర్వాతి షాట్‌లో ఎదుటివాడు పుష్ అవుట్, అంటే చిన్న అంకె బంతిని తాకనక్కరలేని షాట్, ప్రకటిస్తే, ఆ స్థితిలో తాను ఆడాలా, తిరిగి అతనికే ఇవ్వాలా అని నిర్ణయించవలసినవాడు కూడా కుర్చీలోంచి లేచి వచ్చినవాడే.

అందుకే నియమాల జాబితా ఇంతటితో ఆపి, ఆ కుర్చీ గురించే మాట్లాడతాను. నిర్వాహకులు అనుమతించాలి.

పూల్ ఆటలో చాలా ఆటల్లో లేని కష్టం ఒకటి ఉంది. టెన్నిస్‌లో ఎదుటివాడు కొట్టిన బంతిని మనం తిరిగి కొట్టవచ్చు, చదరంగంలో ఒక ఎత్తు తర్వాత మన ఎత్తు తప్పక వస్తుంది. పూల్‌లో మన వంతు వస్తుందన్న హామీ ఏదీ లేదు. గెలిచినవాడే మళ్లీ బ్రేక్ చేసే పద్ధతిలో ఎదుటివాడు తప్పు చెయ్యకుండా ఆడుతుంటే మనం గంటసేపు ఒక్క షాట్ కూడా కొట్టకుండా మ్యాచ్ ఓడిపోవచ్చు. 1996లో డాలస్‌లో అమెరికా ఆటగాడు ఎర్ల్ స్ట్రిక్లాండ్ వరసగా 11 రాక్‌లు గెలిచాడు. ఆ సంగతి ఈ ఆట తెలిసినవారందరూ చెప్పుకుంటారు. ఆ 11 రాక్‌లు సాగినంతసేపూ కుర్చీలో కూర్చున్న మనిషి గురించి ఎవరూ అడగరు. అదే ఏడాది హాంగ్‌కాంగ్‌లో ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్, స్ట్రిక్లాండ్ మూడు రోజులపాటు, ముందుగా 120 రాక్‌లు గెలిచినవాడిదే గెలుపన్న పందెం ఆడారు. మొత్తం లక్ష డాలర్లూ గెలిచినవాడికే. రేయెస్ 120, స్ట్రిక్లాండ్ 117. మనిలాలో మేనమామ పూల్ హాల్లో పనిచేస్తూ రాత్రి ఆ టేబుళ్ల మీదే పడుకుని పెరిగిన రేయెస్ కొట్టిన షాట్‌లను మన పిల్లలు ఫోన్లలో పదేపదే చూస్తారు. వాటితోపాటు షాట్‌కూ షాట్‌కూ మధ్య అతను ఎలా కూర్చుంటాడో కూడా చూడమని నా మనవి.

ఇక నా సంగతి చెబుతాను. ఈ వేదిక మీద చెప్పకూడదనుకున్నాను, కానీ చెప్పకుండా నా మాట పూర్తికాదు.

2011లో ఒక జిల్లా పోటీలో సెమీఫైనల్ ఆడుతున్నాను. ముందుగా ఏడు రాక్‌లు గెలిచినవాడిదే మ్యాచ్. ఆరు, ఆరు మీద ఉంది. ఎదుటివాడు ఇరవై ఏళ్ల కుర్రాడు. ఆ హాల్లో ఆటగాళ్లకు కుర్చీలు వెయ్యలేదు. నేను గోడకు ఆనుకుని, నా వెంట వచ్చిన నలుగురు స్నేహితుల మధ్య నిలబడి ఉన్నాను. మన పార్లర్లలో ఓడినవాడే టేబుల్ డబ్బు కట్టాలి కనుక, చివరి బంతి పడకముందే జేబులో చెయ్యి పెట్టి పర్సు తీసే అలవాటు మనందరికీ ఉంది. అదే అలవాటు ఆరోజు నా చేతికి వచ్చింది. కుర్రాడు ఎనిమిదో బంతి వేశాడు. ఇక తొమ్మిదోది వేస్తే మ్యాచ్ అతనిదే. తొమ్మిదో బంతి, తెల్ల బంతి, మూల పాకెట్ ఒకే గీత మీద, మూరెడు దూరంలో ఉన్నాయి. నా పక్కనున్న స్నేహితుడు “అయిపోయింది, పద” అన్నాడు. నేను క్యూ, అంటే రెండు ముక్కలుగా బిగించిన ఆట కర్ర, విప్పడం మొదలుపెట్టాను.

తొమ్మిదో బంతి పాకెట్ అంచులకు అటూ ఇటూ కొట్టుకుని, నోటి దగ్గర ఆగిపోయింది.

తెల్ల బంతి టేబుల్ నడుమ నిలిచింది. కళ్లు మూసుకుని కొట్టినా పడే బంతి అది. నేను క్యూ తిరిగి బిగించుకుంటూ టేబుల్ దగ్గరికి నడిచాను. ఆ కుర్రాడు చాలా మెల్లగా, “అన్నా, మీరు క్యూ విప్పేశారు. రూల్ ప్రకారం మీరు మ్యాచ్ ఒప్పుకున్నట్టే” అన్నాడు. నేను ఇరవై నిమిషాలు వాదించాను. అలాంటి నియమం లేదన్నాను, ఉన్నా మాకు ముందుగా చెప్పలేదన్నాను. నిర్వాహకులు నియమావళి తెచ్చి చదివారు: నిర్ణాయకమైన రాక్‌లో ఎదుటివాడు టేబుల్ దగ్గర ఉండగా ఆటగాడు తన జాయింట్ క్యూ విప్పితే ఓటమి ఒప్పుకున్నట్టు లెక్క. నేను ఆ కుర్రాడికి చెయ్యి ఇవ్వకుండా వెళ్లిపోయాను. ఆ పని తలచుకుంటే నాకు ఈరోజుకూ బాధగానే ఉంటుంది.

రెండేళ్లు ఆ నియమాన్ని అన్యాయమనే చెప్పుకుంటూ తిరిగాను. తర్వాత మరో పోటీలో అతనే కనిపించి, పలకరించి, నేను అడగకుండానే ఆ షాట్ గురించి చెప్పాడు. “మీరు క్యూ విప్పడం నా కంటికొసన కనబడింది అన్నా. గెలిచేశానని అనిపించింది, చెయ్యి వదులైపోయింది” అన్నాడు. ఆ బంతి అతను పోగొట్టుకోలేదని, గోడ దగ్గర నిలబడిన నేను అతని చేత పోగొట్టించానని అప్పుడు అర్థమైంది. క్యూ విప్పడం ఓటమి ఒప్పుకోవడమే కాదు, కొడుతున్నవాడి ఏకాగ్రత మీద చెయ్యి వెయ్యడం కూడా. ఆరోజు ఆ నియమమే లేకపోతే, నేను చెరిపిన షాట్‌తో నేను ఫైనల్‌కు వెళ్లేవాడిని.

అప్పటినుంచి కూర్చోవడం సాధన చేస్తున్నాను. క్యూను మోకాళ్ల మధ్య నిటారుగా పెట్టి రెండు చేతులూ దాని మీద ఉంచుతాను. ఎదుటివాడి చూపు పడే వైపు కూర్చోను. అక్కడ కూర్చోక తప్పకపోతే అతను వంగినప్పుడు కదలను, చాక్ రాయను, మంచినీళ్ల సీసా మూత తీయను. అతని ముఖం వైపు కాక తెల్ల బంతి వైపు చూస్తాను. ఈ టేబుల్ మీద కుషన్ బంతిని ఎంత వేగంగా తిప్పి పంపుతోందో, గుడ్డ ఎంత జారుతోందో అతని ఖర్చుతో నేను నేర్చుకుంటాను. గుండె దడ హెచ్చితే శ్వాస వదిలే సమయాన్ని పీల్చే సమయం కన్నా పొడిగిస్తాను. అరగంట తర్వాత లేచినప్పుడు చెయ్యి బిగుసుకుని ఉంటుంది కాబట్టి, మొదటి షాట్‌కు ముందు టేబుల్ చుట్టూ ఒకసారి తప్పక నడుస్తాను. ఇవేవీ గొప్ప రహస్యాలు కావు, కానీ వీటిని పిల్లలకు ఎవరూ నేర్పడం లేదు. బ్రేక్ నేర్పుతున్నాం, స్పిన్ నేర్పుతున్నాం, మ్యాచ్‌లో సగం సమయం గడిపే చోటు గురించి మాత్రం ఒక్క మాట కూడా చెప్పడం లేదు.

తల్లిదండ్రులారా, మీకు ప్రత్యేకంగా ఒక విన్నపం. మీ పిల్లవాడు కుర్చీలో ఉండగా దగ్గరికి వెళ్లి చెవిలో ఏమీ చెప్పకండి. ఎదుటి పిల్లవాడు బంతి తప్పితే చప్పట్లు కొట్టకండి. “ఇంకేముంది, అయిపోయింది” అన్న మాట చివరి బంతి పడేదాకా మీ నోటి నుంచి రాకూడదు. ఆరోజు నా స్నేహితుడు అన్నది ఆ ఒక్క మాటే.

నిర్వాహకులకు చివరి మనవి. ఈ హాల్లో నాలుగు టేబుళ్లు ఉన్నాయి. ఆటగాళ్ల కోసం గోడ వారన మూడు ప్లాస్టిక్ కుర్చీలు కనబడుతున్నాయి, వాటి మీద బ్యాగులు ఉన్నాయి. ఆ బ్యాగులు తీయించండి. వేదిక మీద మా పెద్దల కోసం వేసిన కుర్చీలు పది ఉన్నాయి, సభ ముగియగానే మాకు వాటితో పని లేదు. వాటిలో అయిదు కిందికి దించితే టేబుల్‌కు రెండేసి సరిపోతాయి. నేను కూర్చున్న కుర్చీ నేనే తీసుకొస్తాను. రెండు గంటలకు ఇంకా ఇరవై నిమిషాలు ఉంది.