రెండో రోజు కనిపించే చుక్కలు

శ్రోతలకు నమస్కారం. కళ్లు మూసుకుని ఒక గాజు ప్లేటును ఊహించుకోండి. అరచేతిలో ఇమిడేంత ప్లేటు. అందులో గడ్డకట్టిన అగార్, అంటే సూక్ష్మజీవులను పెంచే జెల్లీ. దాని మీద ఒక రోగి రక్తంలో దొరికిన ఈస్ట్‌ను పలచగా పూశారు. పేరు కేండిడా గ్లాబ్రాటా. మధ్యలో ఫ్లుకొనజోల్ అనే ఫంగస్ మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ల.

24 గంటలయ్యాక చూస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం. మందు పనిచేసిందనిపిస్తుంది. ఇంకొక్క రోజు ఉంచండి. 48 గంటలకు ఆ ఖాళీలోనే గుండుసూది మొనంత చుక్కలు కొన్ని కనిపించవచ్చు. నిన్న లేవు. ఇవాళ ఉన్నాయి.

ఇలాంటి చిన్న చుక్కల సంగతి పాతదే. పారిస్‌లో బోరిస్ ఎఫ్రుసీ, ఆయన సహచరులు రొట్టెలు పొంగించే ఈస్ట్‌లో వీటిని గుర్తించి 1949లో ప్రకటించారు. ఫ్రెంచిలో చిన్నది అనే అర్థంలో 'పెటీట్' అన్నారు. వీటిలో మైటోకాండ్రియా, అంటే కణానికి శక్తినిచ్చే భాగం, సరిగా పనిచేయదు. ఆక్సిజన్‌తో శక్తి తీసుకోలేక, చక్కెరను పులియబెట్టుకుంటూ బతుకుతాయి. అందుకే నెమ్మది.

నెమ్మదే గానీ బలహీనం కాదు. గ్లాబ్రాటాలో మైటోకాండ్రియా చెడితే పీడీఆర్1 అనే జన్యువు చురుకవుతుంది. కణం పైపొరలో పంపులు పెరుగుతాయి. లోపలికొచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోడేస్తాయి. మందు లేనిచోట మామూలు ఈస్ట్ వీటిని దాటిపోతుంది. మందు ఉన్నచోట ఇవే మిగులుతాయి. వేగంగా పెరిగేదే ప్రమాదకరమని మనం అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

అయితే వలయంలోని ప్రతి చుక్కా పెటీట్ కాదు. మామూలు జన్యువులతోనే, మందును ఓర్చుకుని మెల్లగా పెరిగే కణాలూ ఉంటాయి. దాన్ని టాలరెన్స్ అంటారు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మరి తేడా ఎలా తెలుస్తుంది?

నాకెంతో ఇష్టమైన పరీక్ష ఇదే. ల్యాబ్‌లో పనిచేసేవారు వింటుంటే మీకే చెబుతున్నాను. మొదటి రోజు రీడింగ్ రాసేశాక ప్లేటు పారేయకండి. ఇంకొక్క రోజు ఉంచండి. చుక్కలు కనిపిస్తే ఒకదాన్ని తీసి, చక్కెర ఉన్న ప్లేటు మీద ఒక గీత, గ్లిజరాల్ మాత్రమే ఆహారంగా ఉన్న ప్లేటు మీద ఒక గీత గీయండి. గ్లిజరాల్ పులియదు, ఆక్సిజన్‌తోనే అరిగించుకోవాలి. చక్కెర ప్లేటు మీద గీత మెల్లగా తెల్లబడి, గ్లిజరాల్ ప్లేటు మాత్రం మూడు నాలుగు రోజులకూ ఖాళీగానే ఉంటే, మీకు దొరికింది పెటీటే.