కుర్రాడికి స్పోర్ట్స్ కారు: ఇన్సూరెన్స్ ఎంత పడుతుంది, అందులో అక్కరకొచ్చేది ఏది?

నమస్తే అండి. రావులపాలెం దగ్గర కాలువ గట్టు మీద కారు ఆపి ఈ వీడియో చేస్తున్నాను. వెనక లారీలు వెళ్తుంటాయి, కొంచెం హోరు వినిపిస్తుంది, సర్దుకోండి.

నా వెనకున్న ఎర్ర కారు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ. 1498 సీసీ టర్బో పెట్రోల్, 150 పీఎస్. రెండు డోర్ల స్పోర్ట్స్ కారు కాదు, తెలుసు. కానీ భీమవరంలో రొయ్యల చెరువు రెండు పంటలు కలిసొస్తే, లేదా హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం దొరికితే, మన కుర్రాళ్లు ముందు చూసేది ఇలాంటి కార్లనే. నేను 24 ఏళ్లప్పుడు దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కారు ఎలా నడుస్తుందో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. ఈ రోజు రివ్యూ చేసేది దీని ఇన్సూరెన్స్‌ని. ఇదిగో, పాలసీ కాగితం చేతిలోనే ఉంది.

ముందు చాలామంది అడిగే మాట. "అన్నా, నాకు ఇరవై రెండేళ్లే, స్పోర్ట్స్ కారు అంటే ఇన్సూరెన్స్ వాచిపోతుందా?" ఈ భయం అమెరికా నుంచి వచ్చింది. మా బాబాయి కొడుకు టెక్సాస్‌లో చదువుకుంటున్నాడు. అక్కడ నడిపేవాడి వయసు, లైసెన్స్ వచ్చి ఎన్నాళ్లయింది, ఇంతకుముందు ఏమైనా గుద్దాడా, ఇవన్నీ చూస్తారు. చిన్న వయసు, పెద్ద ఇంజిన్ కలిస్తే ప్రీమియం చూసి వెనక్కి తగ్గాల్సిందే. బ్రిటన్‌లో అయితే కుర్రాళ్ల కార్లలో చిన్న పెట్టె బిగించి, బ్రేకు ఎలా కొడుతున్నాడు, ఏ టైములో తిరుగుతున్నాడు అని కూడా లెక్క కడతారు.

మన దగ్గర ప్రీమియం ప్రధానంగా కారుని బట్టి ఉంటుంది. కారు ఖరీదు, సీసీ, కారు వయసు, ఎక్కడ రిజిస్టర్ అయింది. ఇరవై రెండేళ్ల కుర్రాడు కొన్నా, రిటైరైన మాస్టారు కొన్నా లెక్క దాదాపు అదే.

థర్డ్ పార్టీ అంటే మన కారు వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్. దీని రేటు ప్రభుత్వమే పెడుతుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్లు చెప్తాను. 1000 సీసీ లోపు కారుకి ఏడాదికి ₹2,094. 1000 నుంచి 1500 సీసీ దాకా ₹3,416. 1500 దాటితే ₹7,897. ఇందులో స్పీడు ప్రస్తావన ఎక్కడా లేదు. ఐ20 ఎన్ లైన్ టర్బో 998 సీసీ, ఆల్టో కె10 కూడా 998 సీసీ. రెండిటికీ ₹2,094. నా జీటీకి, పక్కింటాయన 1197 సీసీ స్విఫ్ట్‌కి ఒకటే ₹3,416. ఇంకా పైకి వెళ్తే, దాదాపు 5 లీటర్ల వి8 మస్టాంగ్‌కీ, ఇంట్లో వాడుకునే, ట్యాక్సీ కాని ఇన్నోవా క్రిస్టా డీజిల్‌కీ థర్డ్ పార్టీ సమానమే.

ఖర్చంతా ఓన్ డ్యామేజ్‌లో, అంటే మన సొంత కారుకి జరిగే నష్టానికి ఇచ్చే కవర్‌లో ఉంటుంది. ఏజెంట్లు ఓడీ అంటారు. దీనికి 2002 నాటి పాత టారిఫ్ పట్టిక ఆధారం. హైదరాబాద్, చెన్నై లాంటి ఎనిమిది పెద్ద నగరాలు జోన్ ఎ. అమలాపురం, భీమవరం, కాకినాడ అన్నీ జోన్ బి. జోన్ బిలో ఐదేళ్ల లోపు, 1000 నుంచి 1500 సీసీ కారుకి ఐడీవీ మీద 3.191 శాతం. ఐడీవీ అంటే కారు పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ విలువ. నా కారు ఐడీవీ ₹10 లక్షలు అనుకుందాం. టారిఫ్ ప్రకారం ₹31,910. 2007 నుంచి కంపెనీలు తమకి నచ్చిన డిస్కౌంట్ ఇచ్చుకోవచ్చు. సగం తగ్గించారనుకోండి, ₹15,955. దానికి థర్డ్ పార్టీ ₹3,416 కలిపి, పైన 18 శాతం జీఎస్టీ వేస్తే సుమారు ₹22,858. ఇందులో యాడాన్‌లు, అంటే అదనంగా డబ్బు కట్టి తీసుకునే కవర్లు, పర్సనల్ యాక్సిడెంట్ లేవు. ఐదేళ్లు దాటిన మస్టాంగ్‌ని ₹40 లక్షల ఐడీవీ మీద లెక్కేస్తే శాతం 3.51, అదే సగం డిస్కౌంట్‌తో అంతా కలిపి ₹92 వేలు దాటుతుంది.

ఇక్కడే ఒక పని చేస్తారు చాలామంది. ప్రీమియం తగ్గాలని ఐడీవీ కిందకి లాగించేస్తారు. రెండు లక్షలు తగ్గిస్తే ప్రీమియంలో మిగిలేది, పైన చెప్పిన లెక్క ప్రకారం, జీఎస్టీతో కలిపి నాలుగు వేల లోపు. కారు దొంగతనం అయినా, కాలువలో పడి పనికిరాకుండా పోయినా, పోయేది ఆ రెండు లక్షలు. నేను ఐడీవీ తగ్గించను.

ఇప్పుడు నాకు జరిగింది చెప్తాను. ఈ వీడియో చేయడానికి అసలు కారణం అదే.

కారు కొన్నప్పుడు దానికి ఏడాది. అమ్మినాయన "ఇన్సూరెన్స్ ఉంది, ఇంకా ఏడాది పైనే" అన్నారు. కాగితం చూశాను, చివరి తేదీ నిజంగానే ఏడాది పైన ఉంది. రావులపాలెంలో పోలీసులు ఆపినప్పుడు చూపించాను, సరే వెళ్లమన్నారు. నెలన్నర తర్వాత అంబాజీపేటలో మా పిన్ని వాళ్ల ఇంటికి వెళ్లాను. ఎండ తగలకుండా చెట్ల కింద పెట్టాను. కోనసీమలో చెట్టు అంటే ఇంకేముంటుంది, కొబ్బరి చెట్టే. భోంచేస్తుంటే ధబ్బుమని శబ్దం. పచ్చి కాయ ఒకటి నేరుగా ముందు అద్దం మీద పడి, బోనెట్ మీదకి దొర్లింది. అద్దం మొత్తం సాలెగూడులా పగిలింది, బోనెట్ మీద చెయ్యి పట్టేంత సొట్ట.

పిన్ని కంగారు పడుతుంటే, "ఇన్సూరెన్స్ ఉందిలే పిన్నీ" అన్నాను. క్లెయిమ్ కోసం ఫోన్ చేస్తే అవతల అమ్మాయి పాలసీ నంబర్ తీసుకుని, "సర్, మీ ఓన్ డ్యామేజ్ 47 రోజుల క్రితమే అయిపోయింది" అంది.

కాగితం మళ్లీ తీసి చూశాను. కెమెరా దగ్గరికి పెడుతున్నాను, చూడండి. ఇది ఆ పాత కాగితమే. ఇక్కడ తేదీలు రెండు వరుసలుగా ఉన్నాయి. కింద వరుస థర్డ్ పార్టీది, మూడేళ్లు. పైన వరుస ఓడీది, అది ఏడాదికే. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్లకి ఒకేసారి తీసుకోవాలి. ఓడీ మాత్రం ఏడాదికేడాది కట్టుకోవచ్చు. అమ్మినాయన ఓడీ కట్టడం ఆపేశారు. ఆయన అబద్ధం చెప్పలేదు, పోలీసులకి కావాల్సిందీ ఉంది. కానీ కొబ్బరికాయకి కావాల్సింది లేదు.

ఒకవేళ ఓడీ ఉన్నా నాకు వచ్చేది కాదు, ఎందుకంటే పాలసీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. కారు చేతులు మారితే థర్డ్ పార్టీ చట్టప్రకారం కొత్త ఓనరుకి వచ్చేస్తుంది. ఓడీ రాదు. 14 రోజుల లోపు కంపెనీకి దరఖాస్తు పెట్టి పేరు మార్పించుకోవాలి. సీ బుక్ పేరు మార్పు కోసం పరిగెత్తాను గానీ, పాలసీ పేరు సంగతి నాకెవరూ చెప్పలేదు. అద్దం, బోనెట్, పెయింట్ అంతా నా జేబులోంచే పోయింది. అదే అన్నీ సరిగా ఉంటే అద్దానికి తరుగుదల కూడా కోయరు, తప్పనిసరిగా మనం భరించాల్సిన ₹1,000, బోనెట్‌కీ పెయింట్‌కీ కోసే తరుగుదల పోను మిగతాది వచ్చేది. సెకండ్ హ్యాండ్‌లో కొనే తమ్ముళ్లూ, బేరం అయిన రోజే ఆ రెండు తేదీలూ చూడండి, పేరు మార్పు మొదలుపెట్టండి.

అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ కూడా మీకు రాదు. అది మనిషిది, కారుది కాదు. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి ఓడీ ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, ఐదేళ్లకి 50 శాతం దాకా పెరుగుతుంది. "నాకు 50 శాతం ఉంది" అని అబద్ధం చెప్పి తక్కువ కట్టినవాళ్లు క్లెయిమ్ రోజున దొరికిపోతారు.

ఈ బోనస్ దగ్గరే మన ఇళ్లలో ఒక పెద్ద మెలిక ఉంది. నాన్నగారి పాత కారు మీద 50 శాతం బోనస్ ఉంటుంది. అది అమ్మి కొత్తది ఆయన పేరు మీదే కొంటే బోనస్ కొత్త కారుకి వస్తుంది. నా లెక్కలో అయితే ఓడీలో ఎనిమిది వేలు మిగులుతుంది. అందుకని "కారు నాన్న పేరు మీద, నడిపేది అబ్బాయి" అని పెట్టేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది.

కానీ పాలసీలో పర్సనల్ యాక్సిడెంట్ అని ₹15 లక్షల కవర్ ఉంటుంది కదా, అది ఓనర్ కమ్ డ్రైవర్‌కి. అంటే సీ బుక్‌లో పేరున్న మనిషికే, ఆయనకి లైసెన్స్ ఉంటేనే. రోజూ నడిపే కొడుకు ఆ ₹15 లక్షల్లోకి రాడు. నడిపే పిల్లాడికే రక్షణ లేకుండా, ఇంట్లో టీవీ చూసే నాన్నకి ఉండటం ఏం న్యాయం? ఎనిమిది వేల కోసం నేనైతే ఈ పని చేయను. నడిపేవాడి పేరు మీదే కొనండి. కుదరకపోతే అబ్బాయికి విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. మా అమ్మ నా దగ్గర ప్రీమియం ఎంత అని ఎప్పుడూ అడగలేదు. "నీకేమైనా అయితేనో?" అని అడిగింది. నేను ఈ లెక్కంతా చూసింది ఆ మాట తర్వాతే.

కారులో కూర్చునే స్నేహితుల సంగతీ అంతే. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి నలుగురు దిగుతారు, పందేలు చూడటానికి ఊరూరా తిరుగుతాం. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే, లోపల కూర్చున్నవాళ్లు సాధారణంగా అందులోకి రారు. ఫుల్ ఇన్సూరెన్స్, అంటే థర్డ్ పార్టీ, ఓడీ రెండూ ఉంటే వస్తారు.

పద్దెనిమిది నిండని పిల్లాడికి తాళాలు ఇవ్వడం గురించి కూడా చెప్పాలి. 2019 సవరణ తర్వాత తల్లిదండ్రులకి మూడేళ్ల దాకా జైలు, ₹25,000 జరిమానా, కారు రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ లేదు. దెబ్బ తగిలినవాళ్లకి కంపెనీ డబ్బు చెల్లించినా, ఆ తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. ప్రమాదంలో చనిపోతే థర్డ్ పార్టీ పరిహారానికి పరిమితి లేదు. అంటే చెరువులూ చేలూ అమ్ముకోవాల్సి రావచ్చు.

ఇక నీళ్లు. డెల్టాలో ఉండి దీన్ని వదిలేస్తే ఈ రివ్యూకి అర్థం లేదు.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు లంక గ్రామాలు ఎలా ఉన్నాయో మనందరికీ గుర్తుంది. అంత పెద్ద వరద రాకపోయినా, కనకాయలంక కాజ్‌వే లాంటివి గోదావరి కాస్త పెరిగితే మునుగుతాయి. నా స్నేహితుడు ఒకడు వరద తీస్తున్నప్పుడు ఒక కాజ్‌వే మీద, "మోకాలి లోతే కదా" అని తన టర్బో హ్యాచ్‌బ్యాక్ దింపాడు. మధ్యలో ఆగిపోయింది. భయపడి మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కాడు. టక్ అని ఒక్క శబ్దం, అంతే. గాలి పీల్చే గొట్టంలోంచి సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లాయి. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది.

వాడికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి సీట్లు, కార్పెట్, వైరింగ్ అన్నీ రాసుకున్నాడు. ఇంజిన్ దగ్గర పెన్ను ఆపేశాడు. నీళ్లలో స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టం మామూలు పాలసీలో రాదు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా యాడాన్ ఉండాలి. వాడికి లేదు. ఇంజిన్ ఎస్టిమేట్ లక్షల్లో వచ్చింది. జైపూర్‌లో ఉండేవాడు ఈ యాడాన్ వద్దనుకుంటే నేనేమీ అనను. రాజోలులో, నరసాపురంలో, పాలకొల్లులో ఉండేవాళ్లు మాత్రం మిగతా ఏది తగ్గించినా ఇది తగ్గించకండి. ఇది ఉన్నా సరే, నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయకండి. నలుగురిని పిలిచి తోయించండి.

బంపర్ టు బంపర్, అంటే తరుగుదల కోయకుండా ఉండే యాడాన్ కూడా తీసుకున్నాను. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు వస్తువులకి సగం తరుగుదల కోస్తారు. ఈ జీటీ ముందు బంపర్ కాలువ గట్టున తూము రాయికి గీసుకుంటే ఆ సగం మన మీదే పడుతుంది.

ఎగ్జాస్ట్ మార్పించడం, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) రీమ్యాప్ చేయించి పవర్ పెంచడం, ఇవి చేయించే కుర్రాళ్లు మన దగ్గర ఎక్కువే. కంపెనీకి చెప్పకుండా చేస్తే క్లెయిమ్ రోజున అదే అడ్డం పడుతుంది. కాగితంలో "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అని చిన్న అక్షరాల పేరా ఉంటుంది. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్, అద్దెకి తిప్పడం అందులో కుదరవని రాసి ఉంటుంది. తెల్లవారుజామున 216 హైవే మీద పందేలు వేసుకునే తమ్ముళ్లు ఆ పేరా ఒక్కసారి చదవండి.

యానాం నంబర్ గురించి కూడా అడుగుతారు. పీవై 04 వేయిస్తే రోడ్ ట్యాక్స్ తగ్గుతుందని అక్కడ అడ్రస్ చూపించి కొంటారు. కారు 12 నెలలకి మించి ఆంధ్రాలో ఉంటే ఇక్కడి నంబర్ తీసుకోవాల్సిందే. ఉండని ఇంటి అడ్రస్ మీద సీ బుక్, పాలసీ రెండూ పెట్టుకోమని నేను చెప్పను.

నా పాలసీ మొన్ననే రెన్యూ చేశాను. ఐడీవీ తగ్గించలేదు, ఇంజిన్ ప్రొటెక్ట్ ఉంది, బంపర్ టు బంపర్ ఉంది, పర్సనల్ యాక్సిడెంట్ నా పేరు మీద ఉంది. అయితే అప్పుడప్పుడు మా తమ్ముడు కూడా నడుపుతాడు, వాడికింకా ఏమీ లేదు. రేపు అమలాపురం వెళ్లి వాడి పేరు మీద పర్సనల్ యాక్సిడెంట్ తీసుకుంటున్నాను. అది చేతికొచ్చేదాకా తాళాలు నా దగ్గరే ఉంటాయని వాడికి చెప్పాను.